ఎవరి ఉత్సాహం, ఎవరి చెమట? ఔత్సాహిక క్రీడాకారుల జీవితచరిత్రల మీద కొన్ని ప్రశ్నలు

తెలుగులో 'అమెచ్యూర్' అన్న మాటకు 'ఔత్సాహికుడు' అన్న అనువాదం స్థిరపడిపోయింది. పత్రికల ఆటల పేజీల్లో, నాటక పోటీల కరపత్రాల్లో అదే మాట. ఉత్సాహం ఉన్నవాడు ఔత్సాహికుడు. డబ్బు ఆశ లేకుండా, ఆట మీది ప్రేమతోనే ఆడేవాడని అర్థం. దాని పక్కన 'వృత్తి ఆటగాడు' అన్న మాట పెట్టి చూడండి. పైసల కోసం ఆడేవాడు. ఒకరిది ప్రేమ, ఇంకొకరిది బేరం. ఈ రెండు మాటల మధ్య దూరం భాషలో పుట్టింది కాదు. భూమి ఉన్నవాడికీ కూలికి పోయేవాడికీ మధ్య ఉన్న దూరమే ఆటలోకి వచ్చి గుణంగా మారింది. ఔత్సాహిక క్రీడాకారుల జీవితచరిత్రలు చేసే అసలు పని ఇదే. అవి ఆస్తిని గుణంగా మార్చి చూపిస్తాయి. ఆ చరిత్రల్ని మనం ఎట్లా చదవాలన్నదే ఈ వ్యాసం విషయం.

బోథ్ లాంటి చోట కూసొని ఇంగ్లండు దొరల క్రికెట్, గోల్ఫ్ గురించి రాసుడెందుకని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పత్తి ధర, పోడు పట్టాలు, హాస్టళ్ల తిండి, రాయాల్సినవి ఇక్కడ చాలానే ఉన్నాయి. అయితే ఆ దొరల ఆట మన దాకా రానే వచ్చింది. చిర్రగోనె ఆడిన తరం పోయి క్రికెట్ ఆడే తరం వచ్చింది. 'విజ్జీ ట్రోఫీ' పేరు ఆటల పేజీలు చదివే పిల్లలకు తెలుసు, విశ్వవిద్యాలయాల జట్లు ఆడే క్రికెట్ పోటీ అది. ఆ విజ్జీ ఎవరు, ఎవరి సొమ్ముతో ఆడిండు, అతని కింద ఆడినవాళ్లకు ఏమైంది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పనిదాన్ని అడగడమే మన పని.

ముందు అసలు నమూనాను చూద్దాం. లెనార్డ్ క్రాలీ (1903-1981) ఇంగ్లండులో ఔత్సాహిక క్రికెటరుగా, గోల్ఫరుగా రెండింటిలోనూ పేరున్నవాడు. హారో స్కూలు, కేంబ్రిడ్జి, ఆ తర్వాత వోర్సెస్టర్‌షైర్, ఎసెక్స్ జట్లు. 1925-26లో ఎం.సి.సి. జట్టుతో వెస్టిండీస్ పర్యటన. 1931లో ఇంగ్లిష్ అమెచ్యూర్ గోల్ఫ్ ఛాంపియన్. అమెరికా మీద ఆడే వాకర్ కప్ జట్టులో 1932 నుంచి 1947 దాకా నాలుగుసార్లు చోటు. 'డెయిలీ టెలిగ్రాఫ్' పత్రికకు చాలా ఏళ్లు గోల్ఫ్ విలేఖరి. మంచి ఆటగాడు, అందులో అనుమానం లేదు. ఇలాంటి జీవితాన్ని రాసే పద్ధతి ఒకటుంది. స్కూలు, కాలేజీ, పరుగులు, కప్పులు, చివరికి నాలుగు చమత్కారాలు. ఎండాకాలమంతా కూలి అడక్కుండా ఆడగలిగే తీరిక ఎక్కడిదన్నది ఆ వరుసలో ఉండదు. ఇంకొకటి గమనించండి. గోల్ఫ్ మీద రాసి జీతం తీసుకున్నా క్రాలీ ఔత్సాహిక హోదాకు భంగం రాలేదు. గోల్ఫ్ నేర్పి జీతం తీసుకున్నవాడు మాత్రం 'వృత్తివాడు'. కలం పట్టి సంపాదిస్తే పెద్దమనిషి, చేతులతో సంపాదిస్తే పనివాడు. ఈ తేడా మనకేమన్నా కొత్తదా?

ఇది ఒక మనిషి సంగతి కాదు, వ్యవస్థ సంగతి. ఇంగ్లండులో 'జెంటిల్‌మెన్'కూ 'ప్లేయర్స్'కూ మధ్య క్రికెట్ మ్యాచులు 1806లో మొదలై 1962 దాకా సాగాయి. పెద్దమనుషులు ఒక జట్టు, కూలికి ఆడేవాళ్లు ఇంకో జట్టు. ఒకే జట్టులో కలిసి ఆడినప్పుడు కూడా బట్టలు మార్చుకునే గదులు వేరు, మైదానంలోకి వచ్చే గేట్లు వేరు. స్కోరు కార్డులో పెద్దమనిషి ఇంటి పేరుకు ముందు పొడి అక్షరాలు వేసేవాళ్లు. కూలి ఆటగాడికి వెనక వేసేవాళ్లు, లేదా వట్టి ఇంటి పేరుతో సరిపెట్టేవాళ్లు. లార్డ్స్ మైదానంలో ఫ్రెడ్ టిట్మస్ అనే కుర్ర బౌలర్ ఆడటానికి వచ్చినప్పుడు అతని పేరు ముందు పొడి అక్షరాలు పొరపాటున పడ్డాయని, వాటిని వెనక్కి మార్చి చదువుకోవాలని మైకులో ప్రకటించారట. ఇంగ్లండు క్రికెట్ పుస్తకాల్లో దీన్ని నవ్వులాటగా చెప్పుకుంటారు. మనకు నవ్వు రాదు. మన ఊర్లల్లో ఒకరు మల్లారెడ్డి గారు, ఇంకొకరు మల్లిగాడు. ఒకే దేవుడి పేరు, వెనక తగిలించిన తోక వేరు. పాత కాగితాల్లో మన తాతల పేర్లు ఏ రూపంలో ఉన్నాయో చూసినవాళ్లకు స్కోరు కార్డు రాజకీయం విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఔత్సాహికుడంటే డబ్బు తీసుకోనివాడేనా? నియమాలు చదివితే అదీ నిజం కాదని తేలుతుంది. ఇంగ్లండులోని హెన్లీ పడవ పందాల నిర్వాహకులు 1879లో చేసిన నిర్వచనం ప్రకారం శరీర కష్టం చేసి బతికే మేస్త్రీలు, చేతిపనివాళ్లు, కూలీలు ఔత్సాహికులు కారు. పడవ నడిపి ఒక్క పైసా తీసుకోకపోయినా సరే, వాళ్లకు ఆ హోదా లేదు. అమెరికా గోల్ఫ్ సంఘం నియమాల్లో కూడా చాలాకాలం ఒక వయసు దాటాక కాడీ పని చేసినవాడు, అంటే డబ్బులకు ఇంకొకరి గోల్ఫ్ సంచి మోసినవాడు, ఔత్సాహికుడి హోదా పోగొట్టుకునేవాడు. ఆడినందుకు కాదు, మోసినందుకు! కాబట్టి అసలు అభ్యంతరం డబ్బు మీద కాదు, చేతి కష్టం మీద. కష్టం చేసిన చెయ్యి మైల చెయ్యి. ఇంగ్లండు వర్గ సమాజం ఈ మాటను 'మర్యాద' భాషలో చెప్పింది. మన సమాజం శాస్త్రం భాషలో చెప్పింది.

డబ్బు సంగతికొస్తే డబ్ల్యు.జి. గ్రేస్ కథ చాలు. ఇంగ్లండు క్రికెట్‌కు దేవుడి లాంటివాడు, చివరిదాకా ఔత్సాహికుడు. 1891-92 ఆస్ట్రేలియా పర్యటనకు ఖర్చులు కాక 3 వేల పౌండ్లు తీసుకున్నాడు. 1895లో అతని గౌరవార్థం చందాలెత్తితే 9 వేల పౌండ్లకు పైగా పోగయ్యాయి. ఏ కూలి ఆటగాడూ కలలో కూడా చూడని సొమ్ము అది. అయినా అతను పెద్దమనిషే, వాళ్లు కూలీలే. పెద్దమనిషి తీసుకుంటే గౌరవ కానుక, కూలోడు తీసుకుంటే కూలి. కెప్టెన్సీ మీద హక్కు మాత్రం మొదటివాడిదే. ఒక వృత్తి ఆటగాణ్ణి ఇంగ్లండు పూర్తిస్థాయి కెప్టెన్‌గా నియమించుకోవడానికి 1952 దాకా, లెన్ హటన్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు మన విజ్జీ దగ్గరికి వద్దాం. విజయనగరం పూసపాటి వంశంలో 1905లో పుట్టిన విజయ ఆనంద గజపతిరాజు. అజ్మీరు మేయో కాలేజీలో, ఇంగ్లండు హేలీబరీ స్కూల్లో చదువుకున్నాడు. తర్వాత కుటుంబానికి ఆస్తులున్న కాశీకి మకాం మార్చిండు. 1930-31లో శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఎం.సి.సి. జట్టు భారత పర్యటన రద్దయితే, ఈయన సొంత జట్టు పెట్టి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ లాంటి ఇంగ్లండు మేటి ఆటగాళ్లను పిలిపించి దేశంలో, సింహళంలో ఆడించిండు. ఆ పలుకుబడితో 1936 ఇంగ్లండు పర్యటనకు భారత జట్టు కెప్టెన్ అయిండు. అదే జట్టులో సి.కె. నాయుడు ఉన్నడు. నాగపూర్ తెలుగు కుటుంబంలో పుట్టి, 1926లో ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు కొట్టి, 1932లో భారత జట్టు మొదటి టెస్టుకు కెప్టెన్‌గా చేసినవాడు. ఆయన్ను పక్కన పెట్టి విజ్జీని నెత్తికెత్తుకున్నారు.

మూడు టెస్టుల్లో విజ్జీ చేసిన పరుగులు మొత్తం 33, సగటు 8.25. జట్టు రెండు టెస్టులు ఓడింది. మొదటి టెస్టు ఆడకముందే జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఓడ ఎక్కించి ఇంటికి పంపిండు. తర్వాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ నాయకత్వంలో విచారణ జరిగితే విజ్జీ నాయకత్వాన్నే తప్పుబట్టారు. కానీ అదే పర్యటన సమయంలో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1954లో క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యిండు. 1958లో పద్మభూషణ్, 1960లో విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యత్వం. 8.25 సగటుకు ఇన్ని బహుమానాలు! రిజర్వేషన్ మాట వినగానే 'ప్రతిభ' గుర్తుకొచ్చే పెద్దలు ఈ లెక్క ఎప్పుడన్నా తీసిన్రా?

విజ్జీ మీద వచ్చిన రాతలు రెండు రకాలు. ఒక రకం పొగడ్త. ఉదారుడు, పోషకుడు, ఆట కోసం సొంత సొమ్ము ధారపోసినవాడు. ఇంకో రకం ఎగతాళి. ఆట రాని జమీందారు, కానుకలిచ్చి సులువు బంతులు వేయించుకున్న జోకరు. రెండూ ఒకే చోట ఆగిపోతాయి. పొగిడేవాడు 'సొంత సొమ్ము' అంటడు, నవ్వేవాడు దాన్ని ప్రశ్నించడు. ఆ సొమ్ము ఎక్కడిది? 1802 శాశ్వత పరిష్కారం కింద మద్రాసు రాజధానిలో స్థిరపడ్డ పెద్ద జమీందారీల్లో విజయనగరం ఒకటి. రైతు కట్టిన శిస్తు, ఆ రైతు కింద పాలేరు చేసిన చాకిరి, అవే బ్యాటుగా, బంతిగా, హాబ్స్‌కు ఓడ టిక్కెట్టుగా మారాయి. జమీందారీల దోపిడీ మీద 1937లో మద్రాసు ప్రభుత్వం ప్రకాశం కమిటీని వేసింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. అంటే విజ్జీ ఆట ఆడిన కాలమూ, ఆ ఆటకు సొమ్ము కట్టినవాళ్లు గోడు చెప్పుకున్న కాలమూ ఒక్కటే. జీవితచరిత్రలో మొదటిదే ఉంటుంది. రెండోది ఇంకో పుస్తకంలో, ఇంకో బీరువాలో ఉంటుంది. ఈ రెండు పుస్తకాల్ని ఒక్క బల్ల మీద పెట్టి చదవడమే దళిత విమర్శ చేయాల్సిన పని.

పోషణ ఒక్క కోస్తా జమీందార్ల సొత్తు కాదు. నిజాం రాజ్యంలో కూడా నవాబ్ మొయినుద్దౌలా పేరు మీద సికింద్రాబాదులో గోల్డ్ కప్ క్రికెట్ 1930ల్లో ఘనంగా జరిగింది. అదే రాజ్యంలో మన ఆదిలాబాద్ అడవుల్లో ఏం జరుగుతుండె? అడవి చట్టాల పేరుతో గోండుల్ని, కొలాముల్ని ఊర్ల నుంచి తరుముతుండె. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను కాల్చి చంపిన్రు.

ఇక్కడ ఇంకో ఆట గురించి చెప్పాలె. విజ్జీకి క్రికెట్‌తో పాటు పులుల వేటగాడిగా కూడా పేరుంది. వేట కూడా 'ఔత్సాహిక' క్రీడే. దొరలు, అధికారులు అడవికొచ్చి మంచె మీద కూసుంటరు. డప్పులు కొట్టి, కేకలు పెట్టి జంతువుల్ని తుపాకి ముందుకు తోలేటందుకు చుట్టుపక్కల ఊర్ల నుంచి మనుషుల్ని వెట్టికి పట్టుకొస్తరు. పులి మీద పడితే ముందు చచ్చేది వాళ్లే. ఫోటోలో మాత్రం చచ్చిన పులి, దాని మీద కాలు పెట్టిన దొర. ఉత్తర తెలంగాణ పల్లెల్లో వెట్టి గురించి విన్నవాళ్లందరికీ ఈ దృశ్యం తెలిసిందే. ఒకే మైదానం, ఒకే అడవి, ఒకే పొద్దు. ఒకరికి అది ఆట, ఇంకొకరికి వెట్టి. ఔత్సాహిక జీవితచరిత్ర ఆటను రాసి వెట్టిని చెరిపేస్తది.

ఈ చెరిపివేతకు ఎదురుగా నిలబెట్టాల్సిన జీవితం పల్వంకర్ బాలూది. 1876లో ధార్వాడలో చమార్ కులంలో పుట్టిండు. పూనాలో యూరోపియన్ల క్లబ్బులో నెలకు 4 రూపాయల జీతానికి పిచ్చు చదును చేస్తూ, గీతలు గీస్తూ, దొరలకు సాధన కోసం బంతులేస్తూ బౌలింగ్ నేర్చుకున్నడు. బ్యాటు పట్టే అవకాశం దొరలు ఇవ్వలేదు. ఎండలో బంతి వేసుడు కష్టం, బ్యాటింగ్ దర్జా. హిందువుల జట్టుకు యూరోపియన్ల మీద గెలవాలన్న పట్టుదల వచ్చినప్పుడు అతని చెయ్యి కావాల్సి వచ్చింది. మైదానంలో అందరూ ముట్టిన బంతే అతనూ ముట్టిండు. చాయ్ మాత్రం బయట నిలబడి, మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండు పోయిన భారత జట్టుకు కెప్టెన్ పటియాలా మహారాజు. ఆయన ఆడింది తక్కువ. బాలూ ఆ పర్యటనలో 114 వికెట్లు తీసిండు. హిందువుల జట్టుకు కెప్టెన్సీ మాత్రం అతనికి దక్కలేదు. 1920లో దాని మీద గొడవై తమ్ముళ్లు శివరాం, విఠల్ జట్టు నుంచి తప్పుకుంటే బాలూకు ఉపనాయకత్వం ఇచ్చిన్రు. కెప్టెన్సీ 1923లో విఠల్‌కు దక్కింది.

బాలూ కథను 2002లో రామచంద్ర గుహా 'ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్' పుస్తకంలో వివరంగా చెప్పే దాకా క్రికెట్ పాఠకుల్లో చాలామందికి ఆ పేరే తెలియదు. ఆ పని చేసినందుకు గుహాకు గుర్తింపు ఇవ్వాల్సిందే. అదే సమయంలో మనం బాలూను విగ్రహంగా చేసుకొని ప్రశ్నలు మింగేయకూడదు. 1932లో పూనా ఒడంబడిక నాటికి ఆయన అంబేద్కర్‌కు ఎదురు పక్షాన ఉన్నడు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అంబేద్కర్ మీద నిలబడి ఓడిపోయిండు. కెప్టెన్సీ ఇవ్వని సమాజం టికెట్టు ఎందుకు ఇచ్చిందో అర్థం చేసుకుంటే మన రిజర్వుడు నియోజకవర్గాల రాజకీయం కూడా కొంత అర్థమైతది. ఆట మైదానంలోనూ, ఎన్నికల మైదానంలోనూ అడిగింది ఒకటే: మా కోసం బంతి వెయ్యి, నాయకత్వం అడగకు.

1936 సంవత్సరాన్ని మళ్లీ ఒకసారి చూడండి. ఆ ఎండాకాలం ఒక గజపతిరాజు కెప్టెన్‌గా ఇంగ్లండులో తిరుగుతున్నడు. అదే ఏడు లాహోరులో ప్రసంగించాల్సిన అంబేద్కర్‌కు ఆహ్వానించిన సంఘమే సభ రద్దు చేస్తే, ఆ ప్రసంగాన్ని 'కుల నిర్మూలన'గా తన ఖర్చుతో అచ్చు వేసుకున్నడు. కులం పనిని విడగొట్టడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టి ఒకరి మీద ఒకర్ని నిలబెడుతుందని ఆ పుస్తకంలో వాదించిండు. జెంటిల్‌మెన్, ప్లేయర్స్ అన్న రెండు గేట్ల రహస్యం కూడా అదే. 'సొంత ఖర్చు' అన్న మాట ఇద్దరికీ వర్తిస్తుంది. ఒకరు శిస్తు సొమ్ముతో కెప్టెన్సీ దాకా వచ్చిన్రు, ఇంకొకరు సంపాదించుకున్న సొమ్ముతో పుస్తకం వేసుకున్నరు. మన పాఠాల్లో మొదటిదాన్నే ఉదారత అంటరు.

గోల్ఫ్‌లో ఈ గీత ఇంకా లోతు. ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ పోటీ 1964లో మొదలైంది. రెండో ఏడు, 1965లో, పి.జి. సేథీ అనే ఔత్సాహికుడు గెలిచిండు. 1991లో ఆ కప్పు గెలిచిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడు అలీ షేర్. ఢిల్లీ క్లబ్బులో సంచులు మోసి ఆట నేర్చుకున్నవాడు, 1993లో మళ్లీ గెలిచిండు. ఈ ఇద్దరి మధ్య 26 ఏళ్లు. సేథీ గొప్ప ఆటగాడే కావచ్చు. కానీ మోసేవాడి చేతిలోకి కప్పు రావడానికి అన్నేళ్లెందుకు పట్టిందన్నది ప్రతిభ ప్రశ్న కాదు, గడ్డి మీద ఎవరు నడుస్తరు, ఎవరు మోస్తరు అన్న ప్రశ్న.

ఇది ఆటలతో ఆగలేదు. తెలుగు నాటకరంగ చరిత్ర తీసుకోండి. బళ్లారిలో వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభ మొదలుకొని ఔత్సాహిక నాటక సమాజాలకు అధ్యాయాల మీద అధ్యాయాలు ఉంటయి. వకీళ్లు, గుమస్తాలు తీరిక వేళ వేసిన వేషం కళ. తరతరాలుగా రాత్రంతా యక్షగానం ఆడిన చిందు మాదిగలది మాత్రం 'కులవృత్తి'. మన బోథ్, ఉట్నూరు వైపు కిక్రి వాయించి గోండుల పురాణం చెప్పే ప్రధానులది 'ఆచారం'. నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ, 2005లో చనిపోయేదాకా ఆ ఆటకు చిరునామాగా నిలబడింది. ఆమెకు ఆట మీద ఉత్సాహం లేదా? ఊరిచ్చిన గింజలు తీసుకుంటే ప్రేమ పోతదా? ఆకలైనవాడి ప్రేమను ప్రేమగా ఒప్పుకోని భాష మనకు ఎవరిచ్చిన్రు?

క్రికెట్‌లో పాత గేట్లు పోయినయి కదా అనొచ్చు. నిజమే. 1962లో ఇంగ్లండు ఆ తేడాను రద్దు చేసింది. 2008లో ఐ.పి.ఎల్. వచ్చినంక ఆటగాళ్లను వేలం పాటలోనే కొంటున్నరు. పైసలు తీసుకునుడు ఇప్పుడు పరువు తక్కువ కాదు. అయితే పరువు పైసల వైపు పోయినంక ఖర్చు గేటు వచ్చింది. కిట్టు, కోచింగు, నగరంలో మకాం. పత్తి ఏరే నెలల్లో బడి మానేసే పిల్లలున్న ఊర్ల నుంచి ఆ గేటు చాలా దూరం. ఆ పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ ఏరుతరు, తక్కువ ఆడతరు.

పైగా ఔత్సాహిక భావజాలం ఆటను వదిలి చదువులోకి వచ్చింది. మన ఇండ్లల్ల మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లు ఫెలోషిప్ అడిగితే 'వీళ్లకు చదువు మీద ప్రేమ లేదు, పైసల కోసం వచ్చిన్రు' అనే మాట వినబడుతూనే ఉంది. అచ్చంగా జెంటిల్‌మెన్ వాదన ఇది. తిండికి ఢోకా లేనివాడి చదువు జిజ్ఞాస, తిండి కోసం కూడా చదివేవాడిది బేరం. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ప్రాణం తీసుకుంటూ రాసిన ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ బాకీ ప్రస్తావన ఉంది. నక్షత్రాల గురించి, సైన్సు గురించి కలగన్న మనిషి అదే కాగితం మీద బాకీ లెక్క కూడా రాయాల్సి వచ్చింది. ఆ రెండింటినీ విడదీసి, కలను ఉంచి లెక్కను తీసేసి చదివేవాళ్లు మళ్లీ ఒక ఔత్సాహికుణ్ణే తయారు చేస్తున్నరు. ఉద్యమాల్లో పూర్తికాలం పనిచేసేవాళ్లను కూడా మనం ఇట్లనే చూస్తున్నమా అని మనలో మనం అడుక్కోవాలె. ఇంటి అద్దె గురించి మాట్లాడిన కార్యకర్త నిబద్ధత తక్కువైనవాడు కాడు.

కాబట్టి జీవితచరిత్ర ఏది చదివినా మనం నాలుగు సంగతులు అడగాలి. ఈ తీరిక ఎవరి శ్రమ మీద వచ్చింది? ఈ మైదానాన్ని చదును చేసిందెవరు, వాళ్ల పేరు ఎక్కడన్నా ఉన్నదా? నాయకత్వం దగ్గరికి వచ్చినప్పుడు ఎవర్ని ఆపిన్రు, ఏ మాట చెప్పి ఆపిన్రు? కూలి తీసుకున్నవాడి ప్రేమను చరిత్రకారుడు ఏ పేరుతో పిలిచిండు?

ఈ నాలుగు ప్రశ్నలు పట్టుకొని విద్యార్థులు, టీచర్లు తమ ఊరి నుంచే పని మొదలుపెట్టొచ్చు. పండగకు జరిగే క్రికెట్ పోటీకి కప్పు ఇచ్చినవాళ్ల పేరు బ్యానర్ మీద ఉంటది. ముందు రోజు మొండ్లు పీకి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, రోలర్ లాగినవాళ్ల పేర్లు నోట్‌బుక్కులో రాసుకోండి. వాళ్లల్ల ఎంతమందికి బ్యాటింగ్ దొరికిందో కూడా రాయండి. ఇంటి పేరు, సొంత పేరు పూర్తిగా రాయండి, 'గాడు' అని రాయకండి. విజ్జీ 33 పరుగులను ఎనభై ఏండ్లకు పైగా లెక్కపెట్టి దాచుకున్న దేశం ఇది. మనవాళ్ల లెక్క మనం రాయకుంటే ఇంకెవరూ రాయరు.